గుర్రం ముగ్గురిది, మాట ఒక్కరిది

ఈసారి ఉత్తరం రాసిన పాఠకుడు ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో విత్తనాలు, ఎరువుల వ్యాపారం చేస్తారు. పేరు వెయ్యవద్దన్నారు. చాలా ఏళ్ళుగా మలక్‌పేటలో రేసులు చూస్తున్న ఆయనకు సొంత గుర్రం ఉండాలన్న కోరిక నిరుడు తీరింది. ఒక్కరే మోయగలిగే ఖర్చు కాదు కనుక అమెరికాలో ఉద్యోగం చేస్తున్న బావమరిదినీ, హైదరాబాద్‌లో ఇళ్ళు కట్టించే చిన్ననాటి స్నేహితుణ్ణీ కలుపుకొని, పుణే దగ్గర గుర్రాలను పెంచే ఒక స్టడ్ ఫార్మ్‌లో ఒక ఫిల్లీని, అంటే లేత వయసు ఆడ గుర్రాన్ని కొన్నారు. ఈయనవీ బావమరిదివీ చెరి రెండు వాటాలు, స్నేహితుడిది ఒకటి. ఏప్రిల్ నెలాఖరున పుట్టిన ఆ ఫిల్లీకి ఇప్పుడు రెండేళ్ళు నిండి రెండు నెలలైంది. జీను వెయ్యడం, మనిషిని ఎక్కించుకోవడం నేర్పే పని ఫార్మ్‌లోనే జరుగుతోంది. ఆగస్టు నెలాఖరు లోగా దాన్ని ఏ ట్రైనర్ దగ్గరికి పంపాలో చెప్పమని ఫార్మ్ వాళ్ళు అడుగుతున్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ గుర్రాన్ని ఎంపిక చేసిపెట్టింది మలక్‌పేటలో పద్నాలుగు గుర్రాలతో చిన్న స్టేబుల్, అంటే గుర్రపుశాల నడుపుతున్న ఒక ట్రైనర్. ఒకప్పుడు ఆయన జాకీ. పుణే దాకా సొంత ఖర్చుతో వచ్చి, వీళ్ళు మనసు పడ్డ రెండు గుర్రాలనూ కాళ్ళు చూసి వద్దని, ఎవరూ పట్టించుకోని ఈ ఫిల్లీని నడిపించి చూపించి, ధర కూడా తగ్గించి ఇప్పించారు. ఫీజు అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు మన పాఠకుడు “ఇది మీ చేతికే వస్తుంది” అన్నారు. ఇప్పుడు స్నేహితుడు అరవైకి పైగా గుర్రాలున్న ఒక పేరుమోసిన ట్రైనర్‌కే ఇద్దామని పట్టుబడుతున్నాడు. ఆయనతో క్లబ్బులో పరిచయముంది, ఏ గుర్రం గెలుస్తుందన్న ఆ స్టేబుల్ లోపలి ఖబర్లు తెలిస్తే గుర్రం ఖర్చు పందేల మీదే తిరిగి వచ్చేస్తుందని స్నేహితుడి వాదన. బావమరిది కంప్యూటర్లో ట్రైనర్ల గెలుపుల లెక్కలు తీసి, బెంగళూరులో బహుమతి సొమ్ము ఎక్కువ కాబట్టి అక్కడి ట్రైనర్‌కు ఇవ్వాలంటున్నారు. నడుమ పాఠకుడి భార్య నలిగిపోతున్నారు. “మా తమ్ముడి డబ్బు మీ మొహమాటానికి బలి చెయ్యకండి” అని ఆమె ఒకసారి అన్న మాట ఆయనకు గట్టిగా తగిలింది. “ఎవరికి ఇవ్వాలి? చిన్న ట్రైనర్‌కు ఇవ్వకపోతే మాట తప్పినవాణ్ణవుతానా?” అన్నవి ఆయన ప్రశ్నలు.

మీరు అడిగింది ట్రైనర్ గురించే అయినా, మీ ఉత్తరంలో మూడు ముడులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మీరు ఇచ్చిన మాట ఒకటి, మీ ముగ్గురి మధ్య ఇంతవరకు తేలని సంగతి ఒకటి, ఆ ఫిల్లీకి ఇప్పుడు ఏం కావాలన్నది ఒకటి. ట్రైనర్ ఎవరన్నది ఈ మూడింటి తర్వాత తేలవలసిన ప్రశ్న. మీరు దాన్ని ముందుకు తెచ్చారు కనుకనే ఎటు తిరిగినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారని అనిపిస్తోంది.

మాట సంగతి ముందు చూద్దాం. గుర్రంలో మీ వాటా అయిదింట రెండు వంతులు మాత్రమే. మిగతా ఇద్దరినీ అడగకుండా మొత్తం గుర్రాన్ని ఒకరి చేతికిస్తానని చెప్పే హక్కు మీకు లేదు. కానీ ఆ మాట విన్న మనిషికి మీ వాటాల లెక్క తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఆయన మీ మాటను నమ్మి ఒక బాక్సు, అంటే గుర్రాన్ని కట్టే గది, ఖాళీగా ఉంచుకొని ఉండవచ్చు. రేసు క్లబ్బు ఇచ్చే బాక్సులు ఎవరికీ కావలసినన్ని ఉండవు. పద్నాలుగు గుర్రాలున్న ట్రైనర్‌కు ఒక బాక్సు ఊరికే ఉంచుకోవడమంటే ఇంకొక ఓనర్‌ను కాదనడమే. అందువల్ల ఆ మాటకు విలువ ఉంది. ఆ విలువను తీర్చే దారులు మాత్రం ఒకటి కంటె ఎక్కువున్నాయి. గుర్రాన్ని ఇవ్వడం ఒక దారి. ఆయన చేసిన పనికి సొమ్ము చెల్లించడం మరొకటి. గుర్రాలను ఎంపిక చేసి కొనిపెట్టే ఏజెంట్లు కొన్న ధరలో సుమారు అయిదు శాతం తీసుకోవడం చాలా దేశాల్లో వాడుకలో ఉన్నదే కాబట్టి, ఆ లెక్కన ప్రయాణపు ఖర్చులు కలిపి ఇస్తే అది దానమూ కాదు, అవమానమూ కాదు. ఆయన తీసుకోకపోవచ్చు, అది ఆయన ఇష్టం.

మొహమాటంతో గుర్రాన్ని ఇస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఫిల్లీ మొదటి మూడు రేసుల్లో వెనకబడితే (చాలా గుర్రాలు వెనకబడతాయి) మీ స్నేహితుడూ బావమరిదీ ఆ ఓటమిని ట్రైనర్ ఖాతాలో కాదు, మీ మాట ఖాతాలో రాస్తారు. అప్పుడు ఆయనకు ఒక్కో రేసూ పరీక్ష అవుతుంది, ఆ ఒత్తిడిలో గుర్రాన్ని తొందరపెట్టడం మొదలవుతుంది. మీరు ఆయనకు చెయ్యాలనుకున్న మేలు ఆయన మెడకే చుట్టుకుంటుంది. కాబట్టి ఆయనకు ఇస్తే ఆయన పనిని చూసి ఇవ్వండి. బాకీ తీర్చుకోవడానికి మాత్రం ఇవ్వకండి.

ఇక గుర్రం. మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ వయసు జనవరి 1 నుంచి లెక్క. మీ ఫిల్లీ వచ్చే జనవరి 1న కాగితం మీద మూడేళ్ళదవుతుంది, ఒంటికి మాత్రం అప్పటికి రెండేళ్ళ ఎనిమిది నెలలే. జనవరి చివర పుట్టిన గుర్రానికీ దీనికీ మూడు నెలల తేడా. ఆ ప్రాయంలో మూడు నెలలంటే చిన్న సంగతి కాదు. ముంగాళ్ళ మోకాలికి పైన ఉండే ఎముక పెరుగుదల పొర ఇంచుమించు రెండు, రెండున్నర ఏళ్ళ మధ్య మూసుకుంటుంది. అది మూసుకుందో లేదో ఎక్స్‌రేలో తెలుస్తుంది. తెలియకముందే వేగంగా పరుగెత్తించే ట్రైనర్‌కూ, ఎక్స్‌రే తీయించి మరో ఆరు వారాలు ఆగే ట్రైనర్‌కూ మధ్య ఉన్న తేడా మీకు ఈ ఏడు కనబడదు. దానికి నాలుగేళ్ళు వచ్చేసరికి కనబడుతుంది.

ఈ వయసులో తరచు వచ్చే ఇంకొక బాధ ముంగాలి మోకాలి కింది ఎముక ముందు భాగంలో నొప్పి, దాన్నే షిన్స్ అంటారు. ఎముక తనపై పడే బరువుకూ వేగానికీ తగ్గట్టు కొత్తగా కట్టుకుంటూ పోతుంది; రోజూ నిదానంగా మైళ్ళకు మైళ్ళు తిప్పినా వేగానికి సిద్ధపడదు, ఒక్కసారిగా వేగం పెంచినా తట్టుకోదు. వారానికి ఒకటి రెండుసార్లు కొద్ది దూరం మాత్రం చురుగ్గా పరుగెత్తించి, ఆ దూరాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవడమే పద్ధతి. పిల్ల గుర్రాలతో పని చెయ్యడం వేరే విద్య అనడం ఇందుకే. మంచి ట్రైనర్లలో కూడా కొందరు తయారైన గుర్రాలను గెలిపించడంలో దిట్టలు, పిల్ల గుర్రాలను తయారు చెయ్యడంలో కారు.

మీకు తొందర లేదనడానికి మరో కారణం మన రేసుల పద్ధతిలోనే ఉంది. ఇంగ్లండ్‌లో డెర్బీ మూడేళ్ళ గుర్రాలది. మన ఇండియన్ డెర్బీ నాలుగేళ్ళ వాటిది. ఫిబ్రవరిలో ముంబయి మహాలక్ష్మిలో 2,400 మీటర్లు పరుగెత్తిస్తారు. మీ ఫిల్లీ డెర్బీ గుర్రమని నేననడం లేదు, ఆ ఆశ కూడా పెంచను. కానీ ఈ దేశపు రేసుల క్యాలెండరు ఆలస్యంగా ఎదిగే గుర్రానికి అనుకూలంగానే ఉందన్నది మీరు ముగ్గురూ తెలుసుకోవాలి. ముగ్గురు ట్రైనర్లనూ ఒక్క ప్రశ్న అడగండి: “దీన్ని మొదటిసారి ఎప్పుడు పరుగెత్తిస్తారు?” నవంబరులో అని వెంటనే తేదీ చెప్పేవారిని కొంచెం అనుమానించండి. “ముందు ఇక్కడికి రానివ్వండి, ఎక్స్‌రే చూద్దాం, అది ఎలా తింటుందో చూద్దాం” అన్నవారి మాట నాకు నచ్చుతుంది.

పెద్ద స్టేబుల్‌ను తీసిపారెయ్యకండి. మీ ఉత్తరంలో దాని మీద కొంత చులకన ధ్వనిస్తోంది, బహుశా స్నేహితుడి మీద కోపం వల్ల కావచ్చు. అరవై గుర్రాలున్న చోట మీ ఫిల్లీకి పక్కన పరుగెత్తడానికి తన స్థాయి గుర్రం దొరుకుతుంది. పిల్ల గుర్రం సగం పరుగు నేర్చుకునేది తోటి గుర్రాన్ని చూసే. బరువు సరిపోయే మంచి రైడింగ్ బాయ్‌లు ఉంటారు, వెటర్నరీ డాక్టర్ దాదాపు రోజూ వస్తుంటారు, సీజన్లో ఏ రేసు తేలికగా పడుతుందో చూసి గుర్రాన్ని వేసే అనుభవం ఉంటుంది. పద్నాలుగు గుర్రాల దగ్గర ఇవన్నీ ఉంటాయని హామీ లేదు; మీ ట్రైనర్ దగ్గర ఈ ఏడాది మరో రెండేళ్ళ గుర్రం ఉందా అని మీరు అడగలేదనుకుంటాను, అడగండి.

అయితే పెద్ద చోట మీరు ఎవరి తర్వాత ఎవరన్నది ముఖ్యం. అక్కడ పది, పదిహేను గుర్రాలు పెట్టిన ఓనర్లు ఉంటారు. ఒకే రేసులో వాళ్ళ గుర్రమూ మీ గుర్రమూ పడితే స్టేబుల్ మొదటి జాకీ ఎవరి గుర్రం ఎక్కుతాడో చెప్పనక్కర్లేదు. ఇందులో ఆ ట్రైనర్ అన్యాయమేమీ లేదు; ఆయన బతుకు ఆ పెద్ద ఓనర్ల మీద నడుస్తోంది. ఆ సంగతి ముందే ఒప్పుకొని వెళ్ళినవాడికి పెద్ద స్టేబుల్ హాయిగానే ఉంటుంది, తనను వారానికోసారి ఫోన్లో పలకరించాలని ఆశించేవాడికి ఉండదు. మీరు రెండో రకం మనిషని మీ ఉత్తరమే చెబుతోంది, తప్పుగా అనుకోకండి.

బావమరిది గారి లెక్కల గురించి. గెలుపుల సంఖ్య చూసి ట్రైనర్‌ను అంచనా వెయ్యడం సరి కాదు. అరవై గుర్రాలతో అరవై గెలుపులు తెచ్చినవారూ, పద్నాలుగింటితో పద్నాలుగు తెచ్చినవారూ గుర్రానికి ఇన్ని గెలుపులన్న లెక్కలో సమానమే. పైగా పెద్ద స్టేబుల్ గెలుపుల్లో ఎక్కువ భాగం అయిదారు ఖరీదైన గుర్రాలవి కావచ్చు. మీది ఖరీదైన గుర్రం కాదు. ఆయనకు ఓపిక ఉంది కనుక ఇంకో లెక్క తియ్యమనండి. మూడు, నాలుగేళ్ళ కిందటి రేసు కార్డుల్లో ఒక్కో ట్రైనర్ పేరు మీద రెండేళ్ళ వయసులో మొదటిసారి దిగిన గుర్రాల పేర్లు రాసుకొని, వాటిలో ఎన్ని ఇప్పటికీ పరుగెత్తుతున్నాయో, అందులో ఎన్ని ఇంకా అదే ట్రైనర్ దగ్గర ఉన్నాయో చూడమనండి. మొదటి దాన్ని బట్టి గుర్రాల కాళ్ళు ఎంత నిలిచాయో తెలుస్తుంది, రెండో దాన్ని బట్టి ఓనర్లు ఎంత నిలిచారో తెలుస్తుంది. గుర్రాలు అమ్ముడుపోతాయి, సంతానం కోసం ఫార్మ్‌కు వెళ్ళిపోతాయి కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు. అయినా గెలుపుల పట్టిక కంటె మీకు ఎక్కువ చెబుతుంది.

బెంగళూరు మాట కాదనవలసింది కాదు. అక్కడి వాతావరణం చల్లన, వేసవిలో కూడా రేసులుంటాయి, దేశంలోని గట్టి స్టేబుళ్ళలో కొన్ని అక్కడున్నాయి. కానీ మీ బావమరిదికి హైదరాబాదైనా బెంగళూరైనా ఒకటే దూరం, మీకు కాదు. మలక్‌పేటకు మీరు రాత్రి బండెక్కి తెల్లారేసరికి చేరగలరు. బెంగళూరుకు ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్ళగలరో మీకే తెలుసు. చూడటానికి వెళ్ళలేని గుర్రానికి నెలనెలా డబ్బు కట్టడం కొన్నాళ్ళకు చికాకు పుట్టిస్తుంది. మరొక సంగతి, హైదరాబాద్‌లో ఉన్న గుర్రాన్ని బెంగళూరు పెద్ద రేసుకు తీసుకువెళ్ళే వీలు ఎలాగూ ఉంటుంది. గుర్రం అంతటిదైతే ఆ తలుపు తెరిచే ఉంటుంది, కాకపోతే అక్కడి గట్టి పోటీలో దానికి మరింత కష్టం. ఫిల్లీ కొంత పరుగు చూపించాక బెంగళూరు ఆలోచిద్దామని ఆయనతో అంటే, ఆయన మాట కొట్టివేసినట్టు కాదు, వాయిదా వేసినట్టు అవుతుంది.

మీ స్నేహితుడి విషయంలో కొంచెం కటువుగా చెప్పక తప్పదు. ఆయన అడుగుతున్నది గుర్రానికి ట్రైనర్‌ను కాదు, తన పందేలకు ఖబర్లిచ్చే మనిషిని. రేసుల్లో పందెం కాయడం నేరమనో పాపమనో నేననను. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, పందేల కోసం క్లబ్బే నడిపే టోట్‌లో ఎవరి డబ్బు వాళ్ళ ఇష్టం. కానీ ఖబర్ల మీద నడిచే సంబంధంలో గుర్రం ఎప్పుడు గెలవాలన్నది కూడా బేరమవుతుంది. ఈసారి ఊరికే తిప్పి, గెలిస్తే పందేనికి వచ్చే సొమ్ము పెరిగాక వచ్చేసారి గెలిపిద్దామన్న గుసగుసలు ఎక్కడ మొదలైనా అక్కడ మీరు ఉండకూడదు. ప్రతి గుర్రాన్నీ గెలవడానికే పరుగెత్తించాలన్నది నియమం. స్టివార్డుల, అంటే రేసుల నియమాలు చూసే అధికారుల విచారణ వచ్చిందంటే రేసు బుక్కులో ఓనర్లుగా ముగ్గురి పేర్లూ ఉంటాయి. ఖబరు మీద సంపాదించిన డబ్బుతో గుర్రాన్ని పోషిస్తానన్న లెక్క, లెక్క కాదు. ఆ పెద్ద ట్రైనర్ ఇవన్నీ చేస్తారని నేననడం లేదు. ఆయన ఎవరో నాకు తెలియదు, నిజంగా పెద్దవాడైతే మీ స్నేహితుడి ఆశ ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు కూడా. ఆయన్ను ఎంచుకుంటే ఆయన పిల్ల గుర్రాలను ఎలా చూస్తారన్న కారణంతో ఎంచుకోండి.

డబ్బు సంగతి మీరు రెండు వాక్యాల్లో తేల్చేశారు. అక్కడే ఎక్కువ కూర్చోవలసింది. గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఓట్స్ గింజలు, లూసర్న్ మేత, ఎండుగడ్డి, గుర్రాన్ని చూసుకునే సైసు జీతం, ట్రైనర్ నెల ఫీజు అది పరుగెత్తినా ఎత్తకపోయినా ఆగవు. వీటి మీద లాడాల ఖర్చు, మందులు, డాక్టర్ బిల్లు, ఎంట్రీ ఫీజులు, జాకీ ఫీజు, గెలిస్తే బహుమతిలో ట్రైనర్‌కూ జాకీకీ వెళ్ళే వాటా ఉంటాయి. నెల ఫీజులో ఏవేవి కలిశాయో, ఏవి విడిగా వస్తాయో ముగ్గురి దగ్గరా రాతపూర్వకంగా అడిగి పక్కపక్కన పెట్టుకోండి. తక్కువ ఫీజు చెప్పినవారి బిల్లు నెల చివర ఎక్కువ కావడం ఈ రంగంలో వింత కాదు. బహుమతి సొమ్ముతో ఖర్చు వెళ్ళిపోతుందన్న ధీమా వద్దు. పందేల మీద జీఎస్టీ 2017లో 28 శాతంతో మొదలై 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. క్లబ్బుల రాబడి చాలావరకు పందేల మీదే కనుక ఆ భారం చివరికి బహుమతుల మీద కూడా పడుతుంది. ఫిల్లీ ఒక్క రూపాయి తేకపోయినా ఎన్ని నెలలు మోయగలరో ముగ్గురూ విడివిడిగా కాగితం మీద రాసి, ఆ తర్వాత ఒకరికొకరు చూపించుకోండి. ముగ్గురిలో తక్కువ నెలలు రాసినవారిదే మీ అసలు గడువు.

ఇప్పుడు చిన్న ట్రైనర్ దగ్గరికి వద్దాం. జాకీగా ఉండి ట్రైనర్ అయినవారి మీద కొందరికి ఒక చిన్నచూపు ఉంటుంది, మీ బావమరిది లెక్కల్లో కూడా అది తొంగి చూస్తోంది. పేసీ ష్రాఫ్ మన దేశంలో మేటి జాకీగా పేరు తెచ్చుకొని, ఆ తర్వాత ట్రైనర్‌గానూ అగ్రస్థానానికి చేరారు కాబట్టి ఆ దారి మూసుకుపోయిన దారేమీ కాదు. అలాగని జాకీలందరూ మంచి ట్రైనర్లు కారు. గుర్రం ఎక్కినవాడికి దాని పరుగు తెలుస్తుంది. జీతాలు, దాణా, డాక్టర్, పన్నెండు మంది ఓనర్ల అలకలు, వీటిని మోయడం వేరే పని. ఆయన ఆ రెండో పని ఎలా చేస్తున్నారో మీకు తెలియదు. పుణేలో ఆయన కన్ను చూశారు, మలక్‌పేటలో ఆయన స్టేబుల్ చూడలేదు.

కాబట్టి ముందుగా చెప్పి ఒక తెల్లవారుజామున వెళ్ళండి. ట్రాక్ మీద పరుగు పూర్తయ్యాక గుర్రాలు చల్లబడి బాక్సులకు చేరే సమయానికి అక్కడ ఉండండి. మంచి ట్రైనర్ ఒక్కో గుర్రం దగ్గర వంగి, ముంగాలి మోకాలి కింద వెనకవైపు నరాన్ని (టెండన్‌ను) బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని పై నుంచి కిందికి జారుస్తాడు, ఆ వెంటనే రెండో కాలును కూడా అలాగే చూస్తాడు. ఒకదాని కంటె మరొకటి గోరంత వెచ్చగా ఉన్నా ఆ రోజు నుంచి ఆ గుర్రం పని మారిపోతుంది. ఆ పని ఆయన తన చేత్తో చేస్తున్నారా, సైసుకు వదిలేస్తున్నారా చూడండి. దాణా తొట్లలో నిన్న రాత్రి దాణా మిగిలిందా, మిగిలితే ఎవరైనా పట్టించుకున్నారా చూడండి. ఒంట్లో బాగాలేని గుర్రం ముందు మానేది తిండే. సైసులు ఎన్నేళ్ళుగా ఉన్నారో, ఒక్కొక్కరి చేతిలో ఎన్ని గుర్రాలున్నాయో అడగండి. ఏడాదికోసారి మనుషులు మారిపోయే స్టేబుల్‌లో ఏదో ఉందని అర్థం. పేపర్లో వచ్చే ట్రాక్ వర్క్ సమయాలు, 600 మీటర్లు 44 సెకన్లు, 46 సెకన్లు అనేవి, పిల్ల గుర్రం విషయంలో అంతగా పట్టించుకోకండి. ఏ గుర్రం ఎంత తేలికగా ముగించిందో చెప్పమని ఆయన్నే అడిగితే, ఆయన జవాబు మీకు ఎక్కువ నేర్పుతుంది. వీలైతే ఇదే పని పెద్ద స్టేబుల్‌లో కూడా చెయ్యండి, స్నేహితుణ్ణి వెంటబెట్టుకొని.

అంతా చూశాక మీ ముందు నాలుగు దారులుంటాయి. చిన్న ట్రైనర్‌కే ఇవ్వడం మొదటిది. ఇస్తే ఒక పూర్తి గడువుతో, అంటే ఫిల్లీకి కాగితం మీద మూడేళ్ళు నడిచే వచ్చే సంవత్సరం చివరి వరకు మార్చబోమన్న ఒప్పందంతో ఇవ్వండి. మధ్యలో ఒక ఓటమికి కంగారుపడి గుర్రాన్ని పీకి మరొకరికి ఇవ్వడం కంటె చేటు లేదు. లాభం, ఫిల్లీ మీద కన్ను ఎక్కువగా పడుతుంది, మీకు సమాధానం చెప్పే మనిషి దొరుకుతారు. నష్టం, పెద్ద జాకీలు దొరక్కపోవచ్చు, బావమరిదికీ స్నేహితుడికీ మీరు కొంతకాలం జవాబుదారీ కావలసి వస్తుంది. పెద్ద స్టేబుల్‌కు ఇచ్చి, చిన్న ట్రైనర్‌కు ఎంపిక ఫీజు చెల్లించడం రెండోది. సౌకర్యాలు ఎక్కువ, మీ మాట చెల్లినట్టే, కానీ మీరు కోరుకునే పలకరింపు తక్కువ. స్నేహితుడి ఖబర్ల ఆశ కూడా మీ వెంట వస్తుంది, దాన్ని మొదటి రోజే కట్ చెయ్యాలి. బెంగళూరు మూడోది, దాని గురించి చెప్పాను. ఫిల్లీని మరో మూడు, నాలుగు నెలలు ఫార్మ్‌లోనే ఉంచడం నాలుగోది. దీన్ని మీరెవరూ ఆలోచించినట్టు లేదు. రేసుకోర్సు బాక్సు కంటె ఫార్మ్ ఖర్చు మామూలుగా తక్కువ, ఏప్రిల్ చివర పుట్టిన గుర్రం పచ్చిక మీద ఎదుగుతుంది, మీ ముగ్గురికీ మాట్లాడుకునే సమయం దొరుకుతుంది. రెండేళ్ళ వయసులో దిగే రేసులు పోతాయి. వాటి కోసం దీన్ని కొనలేదు కాబట్టి ఆ నష్టం నా కంటికి చిన్నది. ఫార్మ్ వాళ్ళు పెట్టిన గడువు వాళ్ళ వసతి కోసం పెట్టింది కావచ్చు, పొడిగించగలరేమో అడిగి చూడండి.

నా మొగ్గు ఎటన్నది దాచను. స్టేబుల్ చూశాక కూడా మీకు నమ్మకం కలిగితే, మోకాలి ఎక్స్‌రే చూడకుండా వేగం పెంచనని ఆయన ఒప్పుకుంటే, నేను చిన్న ట్రైనర్ వైపే ఉంటాను. ఆ ఫిల్లీలో ఏదో చూసి పుణేలో ఎంచినవాడు ఆయన. ఏం చూశారో ఆయనకు గుర్తుంటుంది, ఇంకొకరికి అది అరవైల్లో ఒకటి. కానీ మీ ఇద్దరు భాగస్వాములూ మనసారా ఒప్పుకోకుండా ఆ నిర్ణయం తీసుకుంటే అది ఎవరికీ మంచిది కాదు, నాలుగో దారే మేలు.

ఏ దారి అయినా, ట్రైనర్‌తో మాట్లాడేది మీ ముగ్గురిలో ఒక్కరే కావాలి. ముగ్గురు ఓనర్లు మూడు వేళల్లో ఫోన్ చేసి మూడు రకాలుగా చెప్పే గుర్రాన్ని ఏ ట్రైనరూ మనసు పెట్టి చూడడు. భాగస్వామ్యాన్ని క్లబ్బులో నమోదు చేసేటప్పుడే ఆ ఒక్కరెవరో రాయించండి. డాక్టర్ బిల్లు ఎంత దాటితే ముగ్గురినీ అడగాలో, గుర్రాన్ని అమ్మాలంటే ఎందరి సమ్మతి కావాలో, ఒకరు డబ్బు కట్టలేకపోతే ఆ వాటా ఎవరికి పోవాలో కూడా మామూలు కాగితం మీద రాసుకొని సంతకాలు పెట్టుకోండి. బంధువుల మధ్య కాగితమేమిటని మీ భార్య అనరనుకుంటాను. ఆమె భయమంతా ఆ కాగితం లేకపోవడం వల్లనే.

చిన్న ట్రైనర్‌ను నెలల తరబడి అనుమానంలో ఉంచడం మాత్రం ఇప్పుడే ఆపండి. వెళ్ళి, గుర్రం ముగ్గురిదనీ, ఆ రోజు మీ ఒక్కరి మనసులో మాట చెప్పారనీ, ఫలానా తేదీకల్లా తేల్చి చెబుతామనీ, అప్పటిదాకా మీ కోసం బాక్సు ఆపుకోనక్కర్లేదనీ నేరుగా చెప్పండి. పుణే ప్రయాణపు ఖర్చు ఆ రోజే ఇచ్చెయ్యండి, గుర్రం ఆయనకు వచ్చినా రాకపోయినా అది ఆయనదే. ఆ తర్వాత బావమరిదికి ఆదివారం ఉదయం అయ్యే వేళ చూసుకొని ఫోన్ పెట్టుకోండి. స్నేహితుణ్ణి కూడా అదే ఫోన్లో ఉంచండి, విడివిడిగా మాట్లాడకండి. ఎవరు ఎన్ని నెలలు మోయగలరో రాసిన కాగితాలు ముందు విప్పండి, ట్రైనర్ల పేర్లు ఆ తర్వాత ఎత్తండి.